పదిహేడో గడిలో మా నాయన

మా నాయనను ప్రభుత్వం వారసత్వ సంపదగా గుర్తించి కాపాడింది. ఇందులో ప్రభుత్వం తప్పేమీ లేదు. దరఖాస్తు నింపింది నేను.

మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. బీకాం, రెండో తరగతిలో పాసయ్యాను. అప్పటినుంచి మా వీధికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే వస్తుంది. రేషను కార్డులో కోడలి పేరు ఎక్కించడం, పింఛను దరఖాస్తు, కరెంటు మీటరు మార్పు, అన్నీ నా చేతిమీదుగానే నడుస్తాయి. ఈ అనుభవంతో రెండు నియమాలు పెట్టుకున్నాను. ఫారంలో అబద్ధం రాయకూడదు. గడి ఖాళీగా వదలకూడదు. ఖాళీ గడి ఉంటే దరఖాస్తు తిరిగి వస్తుంది. తిరిగి వచ్చిన దరఖాస్తును రెండోసారి ఎవరూ చదవరు.

మాది నాపరాళ్ళ ఊరు. క్వారీల నుంచి పాలిష్ మిషన్లకు బండలు తోలే లారీలు రోజుకు వంద తిరుగుతాయి. వాటిలో తొంభై తొమ్మిదింటిని ఎవరూ తలెత్తి చూడరు. వందోది మా నాయనది.

మా నాయన పేరు ఓబులేసు. ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు, లారీకి అరవై. ముందుకు ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలం లారీ, నీలం రంగు. సెల్ఫ్ స్టార్టరు చచ్చిపోయి పాతికేళ్ళయింది. అందుకని దాన్ని ఎప్పుడూ దిగుడులోనే నిలుపుతాడు. పొద్దున్నే చక్రం కింద రాయి తీసి, ఎగిరి సీట్లో కూర్చుని బ్రేకు వదులుతాడు. బండి పది గజాలు జారాక రెండో గేరులో క్లచ్చి వదిలితే, అది ఒక దగ్గు దగ్గి నిద్ర లేస్తుంది. గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలి. ఆ రెండు తొక్కుళ్ళ నడుమ ఇంజన్ గొంతు వినాలి. ఆ గొంతు ఏ పాకానికి వస్తే గేరు పడుతుందో ఆయనకొక్కడికే తెలుసు. రెండో గేరు ఎగిరిపోకుండా ఎడమ మోకాలు ఆనించి ఉంచాలి. ఇంజన్ వేడికి అరికాళ్ళు కాలుతాయి. కిటికీ అద్దం సగంలోనే ఆగిపోతుంది కాబట్టి వాన వస్తే కుడి తొడ తడుస్తుంది. వీటన్నిటినీ మా నాయన సుఖాల కిందే జమ కట్టుకున్నాడు. ఒకసారి ఎవరిదో కొత్త ఏసీ లారీ ఎక్కించి చూపిస్తే, దిగి వచ్చి, "ఇందులో బండి యాడుందిరా? గదిలో కూచున్నట్టుండాది," అన్నాడు.

ఆ నెలలో రెండు కష్టాలు కలిసి వచ్చాయి. కంటి డాక్టరు నూర్జహాన్ గారు మా నాయన రెండు కళ్ళలోనూ పొర ముదిరిందని, పొర పట్టిన కటకం తీసేసి కొత్తది పెట్టాలని, మూడు నెలల తర్వాత పద్ధెనిమిదో తేదీన ఆపరేషన్ అని రాసిచ్చారు. అదే వారం పాత బండ్లన్నిటినీ తుక్కు చేయాలని కొత్త చట్టం వచ్చింది. కళ్ళొచ్చేసరికి బండి పోతుందని మా నాయన అన్నం ముట్టలేదు. చట్టం మొత్తం చదివాను. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో మినహాయింపు ఉంది. యాభై ఏళ్ళు దాటిన బండిని పురాతన వాహన సంరక్షణ మండలి వారసత్వంగా గుర్తిస్తే దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మండలి ఆఫీసు మా జిల్లా కేంద్రంలోనే ఉంది. ఫారం తెచ్చాను.

పదహారు గళ్ళు నల్లేరు మీద నడకలా నిండిపోయాయి. పదిహేడోది: "వాహనం కదలుటకు అనివార్యమై, బయట దొరకని అసలు భాగములు." నాకు తెలియక మెకానిక్ దస్తగిరి మామను అడిగాను. మామ ఏ ఊరి బండినైనా గొంతు విని రోగం చెబుతాడు.

"దానికి దొరకని పార్టు ఏముందిరా సుంకన్నా? అన్నీ నేను తయారు చేసినవే," అన్నాడు మామ. "దొరకనిది మీ నాయన ఒక్కడే. ఆయప్ప లేకపోతే అది ఇంచి కదల్దు."

అది నిజం. గడి ఖాళీగా ఉంది. రాశాను: "1. ఓబులేసు. డ్రైవరు సీటునందు."

* * *

మూడు వారాల్లో తనిఖీకి మండలి సంయుక్త సంరక్షణాధికారి పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. చేతిలో భూతద్దం, మెత్తటి బ్రష్షు, కొలత టేపు, ఒక చిన్న సుత్తి, వెనక ఒక గుమాస్తా. లారీని చూసి చేతులు జోడించారు. ఆయనకు బండ్లంటే నిజంగానే ప్రేమ. బానెట్టును చెంపకు ఆనించుకుని, "అహో, లోహము పాడుచున్నది!" అన్నారు. మా నాయనకు ఆయన ఎంతో నచ్చారు.

లారీ అయ్యాక పదిహేడో గడికి వచ్చారు.

"ఇట్టి భాగము ఎక్కడ?"

నేను మా నాయనను చూపించాను. పరాంకుశం గారు కనురెప్ప కూడా వేయలేదు. టేపు తీసి మా నాయన ఎత్తు, ఛాతీ, మెడ చుట్టుకొలత కొలిచారు. సుత్తితో మోకాలిమీద తట్టి, చెవి పెట్టి విన్నారు. ఆయన చెబుతుంటే గుమాస్తా రాసుకున్నాడు: "తుప్పు, స్వల్పముగా, కణతల యొద్ద. పొగ వెలువడు స్థానములు, బీడీతో కలిపి రెండు."

"ఏందిరా, ఈయప్ప నన్ను తట్టి సూస్తాండాడు?" అన్నాడు మా నాయన.

"వివరాలు నాయనా."

పరాంకుశం గారు ఆ మాట విననట్టే ఉన్నారు. తనిఖీ జరిగినంతసేపూ ఆయన మా నాయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ప్రశ్నలన్నీ నాకే.

"ఇది అసలుదేనా? మధ్యలో మార్చినది కాదు గదా?"

మా అమ్మ తిప్పమ్మ గడపలో నిలబడి చాటలో బియ్యం చెరుగుతోంది. "నలభై ఐదేండ్లయింది సామీ, ఈయప్పను కట్టుకొని," అంది. "మార్చే వీలుంటే నేనెప్పుడో మార్చుకొనుంటి."

"సాక్ష్యము చాలును," అని పరాంకుశం గారు సంతకం పెట్టారు.

వారంలో ప్రశంసాపత్రం వచ్చింది, దానితో రెండు అల్యూమినియం బిళ్ళలు. పెద్దది లారీకి. చిన్నదానిమీద 17/1 అని ఉంది. దాన్ని ఎప్పుడూ ఒంటిమీదే ఉంచాలట. మా నాయన మొలతాడుకు కట్టుకున్నాడు. లారీ తుక్కు కాకుండా నిలబడినందుకు మా అమ్మ పాయసం చేసింది. నేను డిగ్రీ పాసైనప్పుడు కూడా మా ఇంట్లో పాయసం చేయలేదు.

* * *

నిబంధనల పుస్తకం పది రోజుల తర్వాత వచ్చింది. నలభై నాలుగు నిబంధనలు. గుర్తించిన నాటి స్థితి మారకూడదు అనేది వాటన్నిటికీ తల్లి. తనిఖీనాడు తీసిన ఫొటోలో మా నాయనకు మూడు రోజుల గడ్డం ఉంది. కాబట్టి ప్రతి నెలా మొదటి సోమవారం తనిఖీకి గడ్డం సరిగ్గా మూడు రోజులది ఉండాలి. మంగలి వెంకటరాముడు క్యాలెండరు చూసి గానీ కత్తి పట్టేవాడు కాదు. "శుక్రవారం గీస్తే సోమవారానికి సరిపోతాది. ఒక్కరోజు అటూ ఇటూ అయితే నా మీద కేసు రాస్తారేమో అబ్బీ," అని నన్ను సంతకం కూడా అడిగాడు. మా మేనమామ కూతురి పెళ్ళి ఆదివారం వచ్చింది. మా నాయన రెండు రోజుల గడ్డంతోనే పోయి పెద్దరికం చేసి వచ్చాడు.

ముప్పై ఒకటో నిబంధన ఇంకొకటి ఉంది. నడిచే వారసత్వం నడుస్తూనే ఉండాలి. ప్రతి శుక్రవారం కనీసం పది కిలోమీటర్లు, అసలు భాగాలన్నిటితో. లేకపోతే గుర్తింపు రద్దు, బండి తుక్కుకు.

ఇవన్నీ మేం సంతోషంగానే పాటించాం. మా నాయనకు శుక్రవారమే కాదు, ఏ వారమైనా తోలడం ఇష్టమే. పద్ధెనిమిదో తేదీ పొద్దున పరగడుపున కంటి ఆసుపత్రికి పోయాం. కౌంటరులో అమ్మాయి మా నాయన వేలిముద్ర తీసుకుంది. తెరమీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. "రక్షిత సంపద. మార్పులకు మండలి అనుమతి తప్పనిసరి."

నూర్జహాన్ గారు బయటికి వచ్చి తెర చూశారు. తర్వాత మా నాయనను చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఏం రాసినావురా నువ్వు?" అన్నారు.

"పదిహేడో గడిలో నాయన పేరు మేడం."

"ఏంటికి?"

"ఖాళీగా ఉంటే తిరిగొస్తుందని."

"పో. అనుమతి తీసుకొనిరా. ఎడమ కన్ను ఇంకా కొంచెం ఉండాది, కుడిది పూర్తిగా ముదిరింది. ఆలస్యం చేసేకొద్దీ కష్టం," అన్నారు.

* * *

మండలి ఆఫీసు పాతకాలం రాతి బంగళాలో ఉంది. పరాంకుశం గారు నా అర్జీని రెండుసార్లు చదివారు. ఆయన ముఖంలో నొప్పి కనిపించింది.

"కటకము మార్చెదరా?"

"అవును సార్. పొర పట్టింది."

"పొర అనకుము నాయనా. దానిని మేము కాలముద్ర అందుము. ప్రాచీన లోహమునకు కాలము తనంత తాను పూయు పూత అది. దానిని గీకివేసి క్రొత్త వస్తువు బిగించుట సంరక్షణ శాస్త్రమున మహాపరాధము."

"ఆయనకు కనబడడం లేదు సార్."

"ఏ వారసత్వ సంపదకైనను కనబడవలసిన పని లేదు. అది మనకు కనబడిన చాలును."

నేను వెంటనే ఒప్పుకుని రాలేదు. డిగ్రీ చదివినవాణ్ణి కదా, పునఃపరిశీలనకు అర్జీ పెట్టాను. ముగ్గురు నిపుణుల సంఘం కూర్చుంది. బల్లకు అటువైపు నన్ను నిలబెట్టారు. రసాయన నిపుణుడు పొర వయసెంతో తేలాలన్నాడు. చరిత్ర ఆచార్యులు, ఈ కళ్ళతోనే లారీ ఇంతకాలం నడిచింది గనుక మసక చూపు కూడా చరిత్రలో భాగమేనన్నారు. ఇంజనీరు ఒక్కడే నాపై జాలి చూపించాడు.

"కళ్ళజోడు పెట్టరాదా?" అన్నాడు.

"అది అదనపు అలంకరణ. పన్నెండవ నిబంధన," అన్నారు పరాంకుశం గారు.

"పోనీ, లారీ అద్దం తుడుస్తున్నారు గదా. అట్లే..."

దాని మీద గంటసేపు చర్చ జరిగింది. చివరికి తీర్మానం రాశారు. మెత్తటి పొడిగుడ్డతో కళ్ళను బయటి నుంచి తుడుచుకోవచ్చు. కటకం మార్చాలంటే రెండు షరతులు. కొత్త కటకం, మా నాయన పుట్టిన సంవత్సరంలోనే తయారైనది కావాలి. చేసిన మార్పును ఎప్పుడైనా వెనక్కి తీయడానికి వీలుండాలి కాబట్టి, మండలి కోరిన రోజు పాత పొరను తిరిగి కంట్లో బిగించగలనని డాక్టరు హామీ పత్రం ఇవ్వాలి.

హామీ పత్రం నమూనా నూర్జహాన్ గారి బల్లమీద పెట్టాను. ఆమె చదివి, అద్దాలు తీసి, మెల్లగా అన్నారు: "ముప్పై వేల కళ్ళు సేసినా సుంకన్నా. అల్లా దయతో అందరూ పొర తీసినందుకే సంతోషపడినారు. మల్లా పెట్టమని అడిగినోళ్ళు మీరే."

"నేను కాదు మేడం, మండలి."

"మండలికి ఒకసారి నా దగ్గరికి రమ్మని సెప్పు. రెండు కండ్లూ సూస్తా."

* * *

శుక్రవారాలు మాత్రం ఆగలేదు. మా నాయన స్టీరింగు పట్టుకునేవాడు, నేను ఎడమపక్క కూర్చుని రోడ్డు చదివేవాణ్ణి. ఇంటి దగ్గర పేపరు చదివి వినిపించేది నేనే కాబట్టి రోడ్డు కూడా నేనే.

"కుడివైపు గొర్రెలు నాయనా."

"గొర్ల వాసన నాకు తెలుస్తాది. వాసన లేనివి సెప్పు."

"గుంత."

"ఆ గుంత నాకంటే ముందు పుట్టింది. కొత్తవి సెప్పు."

నిజం చెప్పాలంటే బాగానే ఉండేది. ఎన్నో ఏళ్ళుగా మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోలేదు. ఆయన రెండో గేరుకు మోకాలు ఆనించి, ఇంజన్ పాటకు తల ఊపుతూ, "ఈ ఎత్తులో ఇట్లా ఏడుస్తాది, ఆ మలుపు తిరిగితే నగుతాది సూడు," అనేవాడు. మలుపు తిరగగానే అది నిజంగానే నవ్వేది. ఆ పది కిలోమీటర్లలో మా నాయనకు అరవై ఎనిమిదేళ్ళని ఎవరూ అనరు.

నాలుగో శుక్రవారం స్కూలు ఆటో వచ్చింది. ఎదురెండ పడుతోంది. నేను "ఆటో" అన్నాను. ఆయన "యాడ?" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టే వ్యవధిలో నేను ముందుకు వంగి స్టీరింగు ఎడమకు లాగేశాను. లారీ రోడ్డు దిగి కంపచెట్లలోకి పోయి ఆగింది. ఆటో తన దారిన తను పోయింది. అందులో పిల్లలు మాకు టాటా కూడా చెప్పారు.

మా నాయన దిగాడు. ఎప్పుడూ చేసినట్టే చక్రం కింద రాయి పెట్టాడు. అది చదును నేల, రాయి అక్కర్లేదు. పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.

"ఇంగ తోలనురా," అన్నాడు. "తోలితే ఎవురో ఒకరు సస్తారు."

నేను పోయి పక్కన కూర్చున్నాను.

"తోలకపోతే నేను సస్తా. అదీ నిజమే," అన్నాడు.

ట్రాక్టరుతో లాగించి బండిని ఇంటి దగ్గర దిగుడుకు చేర్చాం. తర్వాతి శుక్రవారం మేం బండి తీయలేదు. సోమవారానికల్లా తాఖీదు వచ్చింది. పదిహేను రోజుల్లో నడపకపోతే గుర్తింపు రద్దు చేసి బండిని తుక్కుకు పంపుతారు. మా నాయన తాఖీదును చేత్తో తడిమి చూసి, "ఏమంటాడు?" అన్నాడు. చదివి వినిపించాను. మా అమ్మ నా చేతిలో కాగితం లాక్కుంది. "నువ్వు సదవకుండా ఉండింటే మన బతుకులు బాగుండు," అంది. ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. తప్పు లేదు.

* * *

మండలి ఆఫీసు మెట్లమీద కూర్చుని ఇంకో అర్జీ రాస్తున్నాను. అక్కడి అటెండరు గురవయ్య టీ గ్లాసులు కడుగుతూ అడిగాడు.

"ఎన్నోదప్పా అది?"

"తొమ్మిదోది."

"అర్జీలతో ఈడ ఏదీ విడుదల కాదు. విడుదల కావాలంటే పోగొట్టుకోవాల."

"ఏం పోగొట్టుకోవాలి?"

ఆయన నన్ను వెనక షెడ్డుకు తీసుకుపోయాడు. లోపల పెద్ద కారు ఒకటి ఉంది. దొరల కాలంనాటిది. దాని మడ్గార్డుమీద ఆఫీసువాళ్ళ టిఫిను డబ్బాలు వరసగా ఉన్నాయి, బానెట్టుమీద ఎవరిదో తువ్వాలు ఆరుతోంది.

"ఇది జాడ తెలీని వారసత్వం," అన్నాడు గురవయ్య. "ఏడేండ్ల కిందట తనిఖీకి వచ్చినోళ్ళు ముందు షెడ్డులో ఎతికినారు. లేదు. జాడ తెలీదని రాసినారు. రాసినాక కనబడినా ఏం సేస్తారు? జాబితాకెక్కితే ఇంగ దానికి ఏ నిబంధనా లేదు. మా ఆఫీసులో నూటెనిమిది సంపదలుంటే అరవై రెండు జాడ తెలీనివే."

"ఆ జాబితాకు ఎలా ఎక్కాలి?"

"పోలీసు కంప్లయింటు, పేపర్లో ప్రకటన, ఆపైన విచారణ. అంతే."

ఇంటికి వచ్చి కంప్లయింటు రాశాను. అసలు భాగము 17/1 కనబడుట లేదని. నేను ప్రభుత్వ కాగితంమీద అబద్ధం రాయడం అదే మొదటిసారి. అక్షరాలు మాత్రం గుండ్రంగానే వచ్చాయి.

నేను లేకుండా మా నాయన బయట అడుగు వేయలేడు కాబట్టి స్టేషనుకు ఆయన్నీ తీసుకుపోయాను. బెంచీమీద కూర్చోబెట్టాను. ఎస్సై గారు కాగితం చదివారు.

"ఓబులేసు. మనిషి తప్పిపోతే ఫారం వేరే ఉంది."

"మనిషి కాదు సార్. లారీ భాగం."

"చివరిసారి ఎక్కడ చూశారు?"

"ఇక్కడే సార్. బెంచీమీద."

ఎస్సై గారు బెంచీ వైపు చూశారు. మా నాయన శబ్దం వచ్చిన దిక్కుకు నమస్కారం పెట్టాడు. అక్కడ ఎస్సై గారు లేరు, బీరువా ఉంది.

"ఆయనెవరు?"

"పోయిన భాగం సార్."

కానిస్టేబులు ఒకాయన నవ్వబోయి దగ్గాడు. నేను నిబంధనల పుస్తకం, తీర్మానం, తాఖీదు అన్నీ బల్లమీద పెట్టాను. ఎస్సై గారు పుస్తకం అట్ట చూడగానే ముఖం మారిపోయింది. కిటికీలోంచి బయటికి చూపించారు. అక్కడ పాత జీపు ఒకటి ఒకవైపుకు ఒరిగి ఉంది.

"మాది కూడా వారసత్వమే," అన్నారు. "ముందు టైరు పంక్చరు. లోపలి గాలి అసలుదా కాదా అని ఆరు నెలలుగా తేల్చలేదు. దొంగల వెనక ఆటోలో పోతున్నాం. స్టాండులో ఒక్కటే ఆటో ఉంటే, అది ముందు మాకు కావాలని దొంగలతో బేరమాడాల్సి వస్తోంది." ఒక్క నిమిషం ఆగి, గొంతు తగ్గించి, "ఇది పనిచేస్తుందా?" అని అడిగారు.

"చూద్దాం సార్."

ఆయన సంతకం చేసి, ముద్ర తానే కొట్టారు. గట్టిగా కొట్టారు.

* * *

విచారణకు మా నాయనను వెంటపెట్టుకునే పోయాను. గురవయ్య మమ్మల్ని చూసి, చూడనట్టే పోయాడు. పరాంకుశం గారు పేపరు ప్రకటన, పోలీసు కాగితం ముందు పెట్టుకుని దిగులుగా కూర్చున్నారు.

"భాగము అదృశ్యమైనట్లు ఎరిగిన సాక్షి ఎవరైన నున్నారా?"

నేను ఈ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. మా నాయన మాత్రం ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయనకు అబద్ధాలు చేతకావు. ఆ గుణం నాకు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

"సామీ, పోలేదు. నేనే అది," అన్నాడు.

పరాంకుశం గారు తలెత్తారు. మా నాయన ముఖంలోకి ఆయన సూటిగా చూడడం అదే మొదలు. చాలాసేపు చూశారు. తర్వాత పుస్తకం తిరగేశారు.

"తొమ్మిదవ నిబంధన. భాగమునకు వాక్కు లేదు. భాగము పక్షమున యజమానియో, దరఖాస్తుదారుడో మాత్రమే పలుకవలెను." పుస్తకం మూశారు. "మీరు పలికితిరి. కనుక మీరు భాగము కారు. ప్రజలలో నొకరు."

"ఇదో సామీ, బిళ్ళ కూడా ఉండాది." మా నాయన మొలతాడు పైకి తీసి చూపించాడు.

"బిళ్ళ దొరికినది. భాగము దొరకలేదు," అని గుమాస్తాతో రాయించారు పరాంకుశం గారు. గుమాస్తా బిళ్ళను కత్తిరించి రశీదు ఇచ్చాడు. సాక్షి గడిలో మా నాయన వేలిముద్ర వేశాడు. గుర్తింపు పొందిన లారీ రక్షణ కొనసాగుతుందని, కదిలించగల భాగం జాడ తెలియనందువల్ల అది కదలలేని స్థితిలో ఉందని, అందుచేత ముప్పై ఒకటో నిబంధన దానికి ఇక వర్తించదని ఉత్తర్వు అయింది.

మేం లేవబోతుంటే పరాంకుశం గారు బల్ల చుట్టి వచ్చారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. మా నాయన భుజంమీద చెయ్యి వేశారు.

"ఎటువంటి భాగము! ఎటువంటి కాలముద్ర!" అన్నారు. "నా సేవాకాలమున మరల అట్టిది చూడబోను. ధైర్యము వహింపుడు."

"అట్లే సామీ. మీరు గూడా," అన్నాడు మా నాయన.

* * *

నూర్జహాన్ గారు కుడి కన్ను చేశారు, నెలకు ఎడమది చేశారు. మండలి ఇన్‌స్పెక్టరు ఇప్పటికీ నెలనెలా వస్తాడు. దిగుడులో లారీ లేకపోవడం చూసి, "కదలలేని స్థితిలోనే ఉన్నది" అని రాసుకుని, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి పోతాడు. అది అలా ఉంచండి. నేను చెప్పాల్సింది డాక్టరమ్మ ఇక తోలవచ్చు అన్న రోజు సంగతి.

మా నాయన ఆ రోజు నున్నగా గడ్డం గీయించుకున్నాడు. రాయి తీశాడు, ఎక్కాడు, బ్రేకు వదిలాడు. బండి జారింది, దగ్గింది, లేచింది. ఆయన అటూ ఇటూ చూస్తూ తోలుతున్నాడు. నేను పక్కన ఊరికే కూర్చున్నాను. నాకు చదవడానికి ఏమీ మిగల్లేదు.

పాలిష్ మిషన్ల మలుపు దగ్గర ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. ఇంజన్ ఆపకుండానే దిగి, రోడ్డు వారనున్న కరెంటు స్తంభం ముందు నిలబడ్డాడు. నేనూ దిగాను.

"ఇది ఎప్పుడు నాటినార్రా ఈడ?"

"నేను ఇంటర్ చదివేటప్పుడు నాయనా. ఏడేళ్ళయింది."

"నాకెవురూ సెప్పలేదే?"

"రోజూ దీని పక్కనే పోతావు కదా. తెలుసనుకున్నాం."

ఆయన స్తంభం చుట్టూ తిరిగాడు. అది రోడ్డుకు అవతలి వైపుకు బాగా ఒరిగి ఉంది. నడుము ఎత్తులో దానికి మందంగా నీలం రంగు అంటుకుని ఉంది, పూత మీద పూత. మా నాయన ఆ రంగును గోటితో గీకి చూశాడు. వెనక్కి తిరిగి మా లారీ ముందు మడ్గార్డును చూశాడు. మళ్ళీ స్తంభాన్ని చూశాడు.

"ఎన్నిసార్లురా?" అన్నాడు.

నాకు అబద్ధం చెప్పాలనిపించింది. చేతకాలేదు.

"కరెంటోళ్ళు నాలుగుసార్లు నిలబెట్టారు. ఆ తర్వాత వదిలేశారు. ఇప్పుడది నువ్వొచ్చే వేళకు తప్పుకున్నట్టే ఉంటుంది."

మా నాయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తువ్వాలు తీసి స్తంభానికి పట్టిన దుమ్ము తుడిచాడు. తర్వాత బండెక్కి, వెనక్కి తీసి, ఎద్దుల బండి కూడా అంత చుట్టు తిరగదు, అంత వెడల్పుగా మలుపు తిప్పాడు. తిప్పేటప్పుడు మెల్లగా ఒకసారి హారన్ కొట్టాడు.

ఇప్పటికీ ఆ మలుపులో కొడతాడు. ఎదురుగా ఏ బండీ ఉండదు. స్తంభం ఉంటుంది.